కొలిచే చేతికీ ముద్ర కావాలి

సంతకు వెళ్ళి కూరగాయలు కొనే ప్రతి ఇంటివారికీ తెలిసిన సంగతి ఒకటి ఉన్నది. కాటా రాళ్ళకు తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండాలి. ముద్ర లేని రాయితో తూస్తే కొనేవాడు ఊరుకోడు. పాలు కొలిచే లీటరు పాత్రకూ, బట్టల కొట్టులో మీటరు బద్దకూ, పెట్రోలు బంకులో మరకూ అదే పద్ధతి. కిలోకు యాభై గ్రాములు తగ్గితే మనకు పోయేది రెండు మూడు రూపాయలే. ఆ కొద్ది నష్టం కూడా బీదవాడికి జరుగకూడదని ఒక శాఖ, దానికి అధికారులు, తప్పు చేసినవారికి జరిమానా ఏర్పాటు చేశారు. తప్పుడు తూనికను దేవుడు సహించడని మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా నేర్పుతాము.

మరి మనిషి కాలును కొలిచే చేతికి ముద్ర ఎవరు వేస్తారు?

ఈ ప్రశ్న మాకు గృహదర్శనాలలో ఎదురైంది. మేము పరిచర్య చేసే నాలుగు గ్రామాలలో ఏ ఊరికి వెళ్ళినా కాలు పోయినవారు ఇద్దరో ముగ్గురో కనబడతారు. ఒకరికి షుగరు వలన పుండు మానక తీసేశారు. ఒకరికి ట్రాక్టరు చక్రం ఎక్కింది. ఒకరు మోటారు సైకిలు మీద నుండి పడ్డారు. ఇంకొకరికి పాము కరిస్తే ఆలస్యంగా ఆసుపత్రికి చేరారు. వీరు గాక చిన్నతనంలో పోలియో సోకి, ఇప్పుడు నలభై దాటి, ఇనుప క్యాలిపరుతో నడిచేవారు ఉన్నారు. మన దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్ లోని హౌరా జిల్లాలో బయటపడింది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం పోలియో లేనిదని ధ్రువపత్రం ఇచ్చింది. అందుకు దేవునికి స్తోత్రం. అయితే అంతకు ముందు కాళ్ళు చచ్చుబడిపోయినవారికి జీవితాంతం ఆ ఆసరా కావాలి. వ్యాధి పోయింది గాని క్యాలిపరు అవసరం పోలేదు.

పోయిన కాలుకో చేతికో బదులు కృత్రిమ అవయవం చేసి అమర్చేవారిని ప్రోస్థటిస్టు అంటారు. ఉన్న అవయవానికే ఆసరాగా క్యాలిపరు, బ్రేసు, నడుము బెల్టు, ప్రత్యేకమైన చెప్పులు తయారు చేసి అమర్చేవారిని ఆర్థోటిస్టు అంటారు. మన దేశంలో ఈ రెండు పనులూ ఒకే చదువులో నేర్పుతారు. డిగ్రీ కోర్సు నాలుగేళ్ళు, ఆపైన ఆరు నెలలు ఆసుపత్రిలో అభ్యాసం. ఇంత చదువు దేనికి, కొలత తీసి ప్లాస్టిక్ బొంగు బిగించడమే కదా అని మనవారు అనుకుంటారు. ఒక ఇంటి సంగతి చెబితే గాని ఇది అర్థం కాదు.

మా సంఘంలో ఒక పెద్దాయన ఉన్నారు. మిరపకాయల బస్తాలు మోసి పిల్లలను చదివించిన మనిషి. షుగరు ముదిరి కుడికాలు మోకాలి కిందికి తీసేశారు. కొన్నాళ్ళకు టౌనులో ఉచితంగా కాళ్ళు ఇచ్చే శిబిరం పెట్టారు. పొద్దున్నే కొలత తీశారు, సాయంత్రానికి కాలు చేతికిచ్చారు. మరుసటి ఆదివారం ఆయన కర్ర లేకుండా ఆరాధనకు నడిచి వచ్చారు. స్త్రీలు కన్నీళ్ళు పెట్టుకున్నారు. మేమూ ఎంతో సంతోషించాము.

మూడో వారం ఆయన రాలేదు. ఇంటికి వెళ్ళి చూస్తే కాలు అటక మీద ఉన్నది, ఆయన మంచం మీద ఉన్నారు. కాలు లోపలి గిన్నె, దాన్నే సాకెట్ అంటారు, ఎముక చివర ఒత్తుకొని చర్మం చితికిపోయింది. షుగరు వలన ఆ చోట స్పర్శ తక్కువ గనుక నొప్పి తెలియలేదు. తొడుగు విప్పినప్పుడు రక్తం చూసి కోడలు కేక పెట్టిందట. శిబిరం వారిచ్చిన కాగితం మీది ఫోను నంబరుకు ఎన్నిసార్లు చేసినా ఎవరూ పలకలేదు. కొలత తీసిన కుర్రవాడు అంతకు రెండు నెలల ముందు వరకు వెల్డింగు పని చేసేవాడని తరువాత తెలిసింది. ఆ పిల్లవాణ్ణి మేము నిందించము. అతనికి ఆ పని అప్పగించినవారు ఆలోచించవలసింది. ఆసుపత్రిలో డాక్టరు గారు పుండును చూసి, ఇది లోతుకు దిగితే ఈసారి మోకాలి పైకి తీయవలసి వస్తుందన్నారు. మోకాలు ఉన్నవానికీ లేనివానికీ నడకలో ఎంతో తేడా. మోకాలు లేనివాడు అదే దూరానికి చాలా ఎక్కువ బలం ఖర్చు చేయాలి. అరవై దాటిన మనిషి ఇక మంచానికే పరిమితం కావచ్చు. ఉచితంగా వచ్చిన కాలు ఆయనకు ఉన్న మోకాలిని కూడా తీసుకుపోయేటట్టు ఉన్నది.

దేవుని కృపవలన పుండు రెండున్నర నెలలకు మానింది. తరువాత మేము ఆయన్ను నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. అక్కడ ప్రోస్థటిస్టు ముప్పై ఏళ్ళ అమ్మాయి. మొదటి రోజు ఆమె కొలత తీయనే లేదు. ముందు మిగిలిన ఎడమకాలును పరీక్షించింది. “తాతగారూ, ఈ కాలును కాపాడుకోవటం మన మొదటి పని” అన్నది. షుగరు ఎంత ఉన్నదో అడిగింది. మొండి భాగానికి ఎలాస్టిక్ గుడ్డ ఎలా చుట్టాలో కోడలికి నేర్పింది. కోసిన కాలు మొదటి నెలల్లో వాపు తగ్గి సన్నబడుతుందట. ఆ వాపు తగ్గకముందే కొలిస్తే, తగ్గిన తరువాత సాకెట్ వదులై లోపల కాలు జారి, ఎముక అడుగుకు తగులుతుందని ఆమె వివరించింది. మోకాలి కింద తీసిన కాలులో బరువు అడుగు చివర మోయకూడదట. మోకాలి చిప్ప కింద ఉన్న గట్టి నరం మీద, పిక్క ఎముక లోపలి వైపు కండ మీద ఆ బరువు పడేటట్టు అచ్చును చెక్కాలి. బయటి వైపున ఉబ్బెత్తుగా తగిలే చిన్న ఎముక మీద, కోసిన ఎముక చివర మీద ఒత్తిడి పడకూడదు. ప్లాస్టరుతో అచ్చు తీసి, ఆ అచ్చును చేతితో సవరించి, ఆపైన సాకెట్ పోసి, నడిపించి చూసి, పాదం అర అంగుళం లోపలికో బయటికో జరిపి, మళ్ళీ నడిపించి చూస్తారు. ఆయన నాలుగుసార్లు వెళ్ళారు. ఇంటికి వచ్చిన తరువాత రోజూ రాత్రి అద్దంలో చర్మం చూసుకోమన్నారు. ఎర్రమచ్చ పది నిమిషాల్లో పోకపోతే కాలు తొడగవద్దు, ఫోను చేయమన్నారు. ఆ ఫోను పలికింది.

ఇద్దరూ కొలతే తీశారు. మొదటి చేతికి ముద్ర లేదు, రెండో చేతికి ఉన్నది.

ఆ ముద్ర సంగతి మన పల్లెల్లో చాలామందికి తెలియదు. పూర్వం ఈ వృత్తికి ఏ లెక్కా జమా లేదు. ఎవరికి తోచినట్టు వారు నేర్చుకొని, ఎవరికి తోచినట్టు వారు నేర్పేవారు. వికలాంగులకు సేవచేసేవారి శిక్షణను క్రమపరచాలని ప్రభుత్వం 1986లో భారత పునరావాస మండలిని ఒక సొసైటీగా స్థాపించింది. చట్టబలం లేనందున అది చాలలేదు. 1992లో పార్లమెంటు ప్రత్యేకంగా చట్టం చేసింది. 1993 జూన్ 22 నుండి ఆ మండలి చట్టబద్ధమైన సంస్థ అయింది. 2000లో చట్టాన్ని సవరించి దాని బాధ్యతలు పెంచారు. వినికిడి పరీక్షించేవారు, ప్రత్యేక ఉపాధ్యాయులు, ఇంకా అనేకులతో కలిపి పదహారు రకాల పునరావాస నిపుణులు ఆ చట్టంలో ఉన్నారు. ప్రోస్థటిస్టులు, ఆర్థోటిస్టులు అందులో ఒక రకం.

ఆ మండలి ఏ కాలేజీలో ఏ కోర్సు నేర్పవచ్చునో నిర్ణయిస్తుంది. చదివి గట్టెక్కినవారి పేర్లు కేంద్ర పునరావాస రిజిస్టరులో రాసి, ఒక్కొక్కరికి ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరు ఒకసారి తీసుకుంటే చచ్చేవరకు చెల్లేది కాదు. కొత్త పద్ధతులు నేర్చుకుంటూ, గడువు తీరినప్పుడు మళ్ళీ పునరుద్ధరించుకోవాలి. రిజిస్టరులో పేరు లేనివారు దేశంలో ఎక్కడా ఈ వృత్తి చేయరాదని చట్టం చెబుతున్నది. అతిక్రమించినవారికి చట్టం చేసిననాడు పెట్టిన శిక్ష ఒక సంవత్సరం వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మనిషి మోకాలికి వెయ్యి రూపాయల జరిమానా చాలా తక్కువేనని మాకు అనిపించింది. అయినా చట్టమంటూ ఒకటి ఉన్నది.

ఇక్కడ మా సంఘ పెద్దలలో ఒకరు మంచి ప్రశ్న వేశారు. “అయ్యగారూ, చదువు లేని పనివాళ్ళు ఎన్నో మంచి పనులు చేశారు కదా. జైపూర్ కాలు చేసింది కాలేజీలో చదివినవాడా?” అన్నారు.

ఆయన అన్నది నిజం. రాజస్థాన్ లోని జైపూర్ లో సవాయి మాన్ సింగ్ ఆసుపత్రిలో పండిట్ రామచంద్ర శర్మ అనే శిల్పకారుడు, డాక్టర్ పి.కె. సేథీ మొదలైన డాక్టర్లతో కలిసి 1968లో ఆ కాలును రూపొందించారు. అంతకు ముందు వచ్చే విదేశీ పద్ధతి కాలు బూటు తొడుక్కొని కుర్చీలో కూర్చునేవారికి సరిపోయేది. మన రైతు చెప్పులు లేకుండా నడవాలి, బురదలో దిగాలి, గొంతుకూర్చోవాలి, బాసింపట్టు వేసుకొని అన్నం తినాలి. రబ్బరుతో చేసిన జైపూర్ పాదం ఈ అవసరాలన్నిటికీ వంగింది. శర్మగారు పెద్ద చదువులు చదివినవారు కారు. డాక్టర్ సేథీకి 1981లో మెగసెసే అవార్డు వచ్చింది. 1975లో డి.ఆర్. మెహతా గారు జైపూర్ లో భగవాన్ మహావీర్ వికలాంగ సహాయతా సమితిని స్థాపించిన తరువాత ఆ కాలు లక్షలమందికి ఉచితంగా చేరింది.

మాకు కూడా ఉన్నది దైవశాస్త్రంలో డిప్లొమా ఒక్కటే. ప్రభువు చదువులేని జాలరులను పిలిచాడని మేము ఎన్నోసార్లు ప్రసంగించాము. అయితే ఆ జాలరులు మూడేళ్ళకు పైగా గురువు వెంట నడిచారు. ఆయన చూస్తుండగా పని నేర్చుకున్నారు, తప్పు చేస్తే ఆయన దిద్దాడు. శర్మగారు కూడా ఆసుపత్రిలో, డాక్టర్ల ప్రక్కన, రోగి నడుస్తుంటే చూస్తూ పనిచేశారు. కాలు సరిగా లేదంటే మళ్ళీ చేశారు. ఆయనకు డిగ్రీ లేకపోయినా జవాబుదారీ ఉన్నది. శిబిరం ముగియగానే లారీ ఎక్కి వెళ్ళిపోయినవారికి లేనిది అదే.

మన సంఘాలకు దగ్గరగా ఇంకొక ఉదాహరణ ఉన్నది. వెల్లూరు మిషను ఆసుపత్రికి 1946లో డాక్టర్ పాల్ బ్రాండ్ వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్ళూ పాదాలూ వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని ఆనాడు అందరూ నమ్మేవారు. స్పర్శ పోయినందున తగిలిన దెబ్బ తెలియక, మేకు గుచ్చుకున్నా తెలియక, దాని మీదనే నడిచినందున ఆ పుండ్లు వస్తున్నాయని ఆయన గ్రహించారు. అందుచేత శస్త్రచికిత్సతో ఆగక చెప్పుల మీద ఎన్నో ఏళ్ళు శ్రమపడ్డారు. మెత్తని రబ్బరు అడుగుతో, మేకులు లేకుండా చెప్పులు చేయించారు. చెప్పులు కుట్టేవారిని డాక్టరు తన ప్రక్కన కూర్చోబెట్టుకొని, పాదంలో ఒత్తిడి ఎక్కడ పడుతున్నదో చూపించి పని చేయించారు. మన పెద్దాయన పుండు కూడా అదే మాదిరి పుండు. ఆ ఆసుపత్రిలోనే డాక్టర్ మేరీ వర్గీస్ గారు 1954లో ప్రమాదంలో నడుము కిందికి చచ్చుబడిపోయినా, చక్రాల కుర్చీలో కూర్చొని శస్త్రచికిత్సలు చేశారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం ఆమె ఆధ్వర్యంలో ప్రారంభమైంది. సేవ ఎంత ప్రేమతో చేసినా దానికి నేర్పు కావాలని వీరు తమ జీవితాలతో చూపించారు.

కాబట్టి చట్టం చేతిపనివాడికి శత్రువు కాదు. నేర్పు ఉన్న పనివాడు శిక్షణ పొందినవారి చేతి కింద ఉండి సాకెట్ పోయవచ్చు, తోలు కుట్టవచ్చు, ఇనుము వంచవచ్చు. కొలత తీసి, ఇది ఈ మనిషికి తగును, ఇది తగదు అని నిర్ణయించే మనిషి మాత్రం జవాబు చెప్పవలసినవాడై ఉండాలి.

ఇంతవరకు చెప్పింది సులువు. కష్టమైన సంగతి ఇకముందున్నది.

మూడేళ్ళ క్రితం మా యౌవనస్థులు క్రిస్మసు ముందర ఒక అవయవ శిబిరం పెట్టాలని తీర్మానించారు. మేము నాలుగు షరతులు కోరాము. కొలత తీసేవారికి రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. కొలత ఒకనాడు, అమర్చటం మరొకనాడు జరగాలి. అమర్చిన తరువాత మళ్ళీ వచ్చి చూడాలి. మరమ్మతుకు ఎక్కడికి వెళ్ళాలో రాసి ఇవ్వాలి. ఒక పెద్ద అన్నారు, “ఉచితంగా ఇచ్చేవాళ్ళను సర్టిఫికెట్లు అడగటం మర్యాదేనా అయ్యగారూ?” బజారులో డబ్బిచ్చి కొనేటప్పుడే ముద్ర చూస్తాము, బీదవాని కాలు దగ్గర ఎందుకు చూడకూడదు అని మేము అన్నాము. మొదట అడిగిన సంస్థ మా ఉత్తరానికి జవాబు రాయలేదు. రెండో సంస్థవారు ఒప్పుకొని వచ్చారు.

పందొమ్మిదిమంది వచ్చారు. ప్రోస్థటిస్టు ఒక్కొక్కరిని అరగంట చూశాడు. పదకొండుమందికే అచ్చు తీశాడు. ఎనిమిదిమందికి ఇప్పుడు వీలుకాదన్నాడు. ఒకరికి గాయం పచ్చిగా ఉన్నది. ఇద్దరికి మోకాలు బిగుసుకుపోయింది, ముందు వ్యాయామం కావాలి. ఒకరికి ఎముక మొన చర్మాన్ని పొడుస్తున్నది, మళ్ళీ డాక్టరు చూడాలి. ఇలా ప్రతి ఒక్కరికీ కారణం చెప్పి కాగితం మీద రాసిచ్చాడు. ఆ ఎనిమిదిమందిలో ఒక సహోదరి ముప్పై కిలోమీటర్లు ఆటోలో వచ్చింది. కూలి పోగొట్టుకొని వచ్చింది. వెళ్ళిపోయేటప్పుడు ఆమె, “మీరు ఈ రూల్సు పెట్టకపోతే నాకు కూడా ఏదో ఒక కాలు వచ్చేది కదా అయ్యగారూ” అన్నది.

ఆ మాటకు మా దగ్గర నోటితో చెప్పే జవాబు లేదు. ఆమె మోకాలు వంగేటట్టు చేయటానికి ఆమె ఉండే మండలంలో ఫిజియోథెరపిస్టు లేడు. రిజిస్టరులో ఉన్న నిపుణులు ఎక్కువమంది నగరాలలోనే ఉన్నారు. చట్టం చెడ్డ చేతిని ఆపగలదు, మంచి చేతిని మన ఊరికి పంపలేదు. మంచి చేయి అందుబాటులో లేనప్పుడు చెడ్డ చేతిని మాత్రమే ఆపితే, బీదవానికి మిగిలేది కర్ర. కాబట్టి ముద్ర కావాలని అడిగేవారు, ముద్ర ఉన్న మనిషి మన జిల్లాకు రావాలని కూడా అడిగి తీరాలి. ఈ రెండింటిలో ఒకటి అడిగి రెండోది వదిలేస్తే అన్యాయమే అవుతుంది.

ఇది మన జిల్లా బాధ మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, 1970లో ఏర్పడిన అంతర్జాతీయ ప్రోస్థటిక్స్ ఆర్థోటిక్స్ సంఘంతో కలిసి 2017లో ఈ సేవలకు 60 ప్రమాణాలను ప్రకటించింది. ప్రభుత్వ విధానం, పరికరాలు, పనిచేసే మనుషులు, సేవ అందించే పద్ధతి అని వాటిని నాలుగు భాగాలు చేశారు. సహాయ పరికరాలు అవసరమైనవారిలో పదిమందిలో ఒక్కరికే అవి అందుతున్నాయని ఆనాడు ఆ సంస్థ చెప్పింది. మన దేశం వికలాంగుల హక్కులపై ఐక్యరాజ్యసమితి ఒడంబడికను 2007లో ఆమోదించింది. 1995 నాటి చట్టంలో ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టంలో ఇరవై ఒకటి గుర్తించారు. పరికరాలు కొనలేనివారికి ఎడిప్ అనే కేంద్ర పథకం 1981 నుండి ఉన్నది. 1972లో కాన్పూరులో స్థాపించిన అలింకో అనే ప్రభుత్వ సంస్థ కృత్రిమ అవయవాలు తయారు చేస్తున్నది. ఇవన్నీ మనవే. అడిగేవారు లేక చాలావరకు కాగితం మీద ఉండిపోతున్నవి.

తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. వెయ్యిమంది శిశువులలో సుమారు ఒకరు వంకర పాదంతో పుడతారు. అది తల్లి పాపం కాదు, గ్రహణం వలన వచ్చింది కాదు. డాక్టర్ పొన్సెటి అనే ఆయన పద్ధతిలో వారానికి ఒకసారి కట్టు మార్చుతూ కొద్ది వారాలలో పాదాన్ని తిన్నగా తెస్తారు. చాలామందికి మడమ దగ్గర చిన్న కోత అవసరమవుతుంది. అసలు పరీక్ష ఆ తరువాతనే. రెండు బూట్లను ఒక కమ్మీకి బిగించిన బ్రేసును మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆపైన నాలుగేళ్ళ వయసు వరకు నిద్రపోయేటప్పుడు తొడగాలి. మానేస్తే పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. మా ఎరుకలో ఒక పసివానికి బ్రేసు ఒరుసుకొని ఏడుస్తుంటే, మందుల షాపులో ఎవరో “ఇది తీసేయండమ్మా, ఈ మెత్తని బూట్లు చాలు” అని వేరే బూట్లు అమ్మారు. ఏడాది తిరగకుండా పాదం మొదటికి వచ్చింది. కట్లన్నీ మళ్ళీ వేయవలసి వచ్చింది. బ్రేసు ఒరుసుకుంటే దాన్ని సరిచేయటానికే ఆర్థోటిస్టు ఉన్నాడు. బిడ్డ ఏడిస్తే ఆ మనిషి దగ్గరకు వెళ్ళండి గాని షాపువాని సలహాతో తీసేయవద్దు.

దావీదు రాజు, రెండు కాళ్ళు కుంటివాడైన మెఫీబోషెతును తన బల్లయొద్ద కూర్చోబెట్టుకున్న కథ మన ఆదివారపు బడి పిల్లలందరికీ వచ్చు. ఆ కథలో సీబాను గూర్చి మనం ఎక్కువగా చెప్పము. రాజు సీబాను పిలిచి, మెఫీబోషెతు భూమి సాగుచేసి పంట తెచ్చే బాధ్యత అప్పగించాడు. ఏర్పాటు మంచిదే. కష్టకాలం వచ్చినప్పుడు ఆ సీబాయే కుంటివాణ్ణి వెనుక విడిచి గాడిదలతో ముందు వెళ్ళి, రాజుతో అతని మీద చాడీ చెప్పి, ఆస్తి కాజేయ చూశాడు. అతడు వెంటనే పరుగెత్తి వెళ్ళి తన సంగతి చెప్పుకోలేకపోయాడు. సహాయం చేసేవాని మీద ఆధారపడినవాడు ఎంత నిస్సహాయుడో ఆ కథ చెబుతున్నది. కనికరం చూపించిన రాజు, కనికరాన్ని మోసుకుపోయే చేతిని కూడా కనిపెట్టి చూడవలసింది.

అందుచేత మన కుటుంబాలు, సంఘాలు చేయగలిగిన పనులు కొన్ని రాస్తున్నాము.

ఇంట్లో ఎవరికైనా కాలో చేయో తీయవలసి వస్తే, ఆపరేషనుకు ముందే డాక్టరు గారిని ప్రోస్థటిస్టు సంగతి అడగండి. కొత్త కాలు పుచ్చుకునేటప్పుడు ఆ మనిషి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, ఫోను నంబరు ఒక పుస్తకంలో రాసుకోండి. నొప్పి లేదని నమ్మవద్దు, చర్మాన్ని కంటితో చూడండి. కాలు ఒకసారి వస్తే జీవితాంతం ఉండేది కాదు. పిల్లలు పెరిగేకొద్దీ మార్చాలి, పెద్దలకు కూడా అరిగిపోతుంది. సదరం సర్టిఫికెట్టు జాగ్రత్తగా ఉంచండి.

శిబిరాలకు చందాలిచ్చే సంఘాలు ఎంతమందికి ఇచ్చారని అడగటం మామూలే. ఆరు నెలల తరువాత ఎంతమంది ఇంకా తొడుగుతున్నారని కూడా అడగాలి. అన్యాయం జరిగితే ఊరుకోవద్దు. రాష్ట్రంలో వికలాంగుల కమిషనరుకు ఫిర్యాదు రాయవచ్చు. సోమవారం కలెక్టరు గారి గ్రీవెన్సులో, జిల్లా ఆసుపత్రిలో రిజిస్టరు చేసుకున్న ప్రోస్థటిస్టు, ఆర్థోటిస్టు కావాలని అర్జీ ఇవ్వవచ్చు. మేము మూడుసార్లు ఇచ్చాము. రసీదులు మా దగ్గర ఉన్నవి, మనిషి ఇంకా రాలేదు. నాలుగోసారి ఇస్తాము. ఈసారి ఆ ఎనిమిదిమందినీ వెంటబెట్టుకొని వెళ్తాము, వారి మాట వారే చెప్పుకుంటారు. ఇంటర్ లో సైన్సు చదివే మన పిల్లలకు ఈ చదువు ఉన్నదని చెప్పండి. ఒడిషాలోని ఓలత్ పూర్ లోనూ, కోల్ కతాలోనూ ఉన్న జాతీయ సంస్థలలో ఇది నేర్పుతారు. పల్లె బిడ్డ చదువుకొని వస్తే పల్లెకు తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ.

కొలత తీసే మనిషి మీ వాకిట్లోకి వచ్చినప్పుడు కుర్చీ వేయండి, మంచినీళ్ళు ఇవ్వండి. ఆ తరువాత నెమ్మదిగా, “మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?” అని అడగండి. పని తెలిసినవాడు నొచ్చుకోడు. జేబులోంచి కార్డు తీసి చూపిస్తాడు.